నిమిషానికి నాలుగు గుంటలు: సాలిడ్ స్టేట్ బ్యాటరీ ఫ్యాక్టరీకి ఎంత దూరంలో ఉంది?

2025 అక్టోబరులో చర్లపల్లి నుంచి ఫోన్ వచ్చింది. ఎలక్ట్రిక్ ఆటోలు తయారుచేసే ఒక చిన్న సంస్థ యజమాని. కొత్త మోడల్‌కు ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఇప్పుడు దొరికే చవక రకం) బ్యాటరీ ప్యాకు డిజైన్ ఖాయం చేసి, అచ్చులకు ఆర్డర్ ఇవ్వబోతూ ఆగిపోయాడు.

"అన్నా, గా సాలిడ్ స్టేట్ బ్యాటరీ వచ్చేస్తున్నదంట గదా. జర్మనీల బైకు గూడ నడిపిచ్చిండ్రంట. ఇప్పుడు నేను ఎల్ఎఫ్‌పీకి అచ్చులు కొట్టిస్తే రెండేండ్లల్ల పాతవడిపోతదా? ఆగమంటవా?"

సాలిడ్ స్టేట్ అంటే లోపలి ద్రవం బదులు ఘన పదార్థం వాడే బ్యాటరీ. నేను ఇరవై ఏళ్లకు పైగా సిరామిక్ రేకులు పోసి కాల్చే పనిలో ఉన్నాను. మొదట కెపాసిటర్లు, తర్వాత సెన్సర్లు, ఇప్పుడు బ్యాటరీ సిరామిక్స్. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. "ఇంకా టైమ్ పడుతుంది" అని చెప్పి పంపేస్తుంటాను. ఈయన అడిగినప్పుడు మాత్రం అలా అనలేకపోయాను. ఆగితే కార్మికులకు పని ఉండదు, ఆగకపోతే పెట్టుబడి పోతుందేమోనని భయం. మూడు వారాలు గడువు అడిగి, లెక్క వేసి చెప్తానన్నాను. ఆ లెక్కే ఇది. ఆయన అనుమతితో, ఆయన సంస్థ వివరాలు తీసేసి రాస్తున్నాను.

కేసుగా దేన్ని తీసుకోవాలి

ఈ రంగంలో వార్తలకు కొదవ లేదు. 2017లో టొయోటా 2020ల మొదట్లో తెస్తామంది. 2020లో ప్రయోగాత్మక కారును నడిపి చూసింది. 2023 జూన్‌లో మాట మార్చి 2027-28 అంది. నిస్సాన్ 2028 ఆర్థిక సంవత్సరం అంటోంది, శాంసంగ్ ఎస్‌డీఐ 2027 అంటోంది. ఇంకోవైపు వదిలేసినవాళ్లూ ఉన్నారు. 2015లో సీయో అనే కంపెనీని కొన్న బాష్ 2018లో ఆ దారే వద్దనుకుంది. అదే 2015లో సక్తి3 అనే బ్యాటరీ కంపెనీని కొన్న డైసన్ 2019లో కారు ప్రాజెక్టునే ఆపేసింది. ఫిస్కర్ 2021లో చేతులెత్తేసింది. ఈ తేదీలన్నీ ఒక పట్టికలో పెట్టి సగటు తీస్తే ఏమీ తేలదు. ఒకే కంపెనీని పట్టుకుని, దాని పని ఏ మెట్టు దగ్గర నెమ్మదించిందో చూడాలి.

నేను అమెరికా బ్యాటరీ కంపెనీ క్వాంటమ్‌స్కేప్‌ను ఎంచుకున్నాను. అది స్టాక్ మార్కెట్‌లో ఉంది కాబట్టి మూడు నెలలకోసారి వాటాదారులకు పురోగతి చెప్పక తప్పదు. పైగా వాళ్ల సమస్య నా వృత్తి సమస్యే: సన్నటి సిరామిక్ రేకును పగలకుండా, వంగకుండా, రంధ్రం లేకుండా కాల్చడం.

మామూలు లిథియం అయాన్ సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్ల (ఆనోడ్, కేథోడ్) మధ్య సెపరేటర్ అనే ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాని రంధ్రాల నిండా ఎలక్ట్రోలైట్ అనే, మండే స్వభావం ఉన్న ద్రవం. ఆ ప్లాస్టిక్ స్థానంలో లిథియం అయాన్లను మాత్రమే పోనిచ్చే ఘన పదార్థం (క్వాంటమ్‌స్కేప్‌లో అది సిరామిక్ రేకు) పెడితే, ఆనోడ్‌లో గ్రాఫైట్ అక్కర్లేకుండా నేరుగా లిథియం లోహాన్నే వాడవచ్చు. గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీఆంపియర్ అవర్లు దాచుకుంటే లిథియం లోహం 3,860 దాచుకుంటుంది. ఆశంతా ఈ రెండు అంకెల మధ్య ఉంది. అడ్డంకి కూడా ఆ లోహమే. ఛార్జ్ చేసేటప్పుడు అది సూదుల్లా పెరిగి, మధ్యలో ఉన్న పొరలో ఎక్కడ చిన్న లోపం దొరికితే అక్కడి నుంచి దూరి అవతలికి చేరుతుంది. చేరిందా, షార్ట్.

క్వాంటమ్‌స్కేప్ 2010లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి పుట్టింది. 2018లో ఫోక్స్‌వాగన్ 10 కోట్ల డాలర్లు పెట్టింది. 2025 నాటికి ఉత్పత్తి లైను పెట్టడం దీర్ఘకాల లక్ష్యమని అప్పుడే ప్రకటించింది. 2020 డిసెంబరులో ఒక్క పొర (ఒకే రేకు, దానికి రెండు వైపులా ఎలక్ట్రోడ్లు) ఉన్న సెల్ ఫలితాలు చూపించారు. 24 పొరల నమూనాలు కార్ల కంపెనీలకు చేరడానికి 2022 డిసెంబరు దాకా పట్టింది. ఫోక్స్‌వాగన్ బ్యాటరీ సంస్థ పవర్‌కో తన ల్యాబ్‌లో ఒక 24 పొరల సెల్‌ను పరీక్షించింది. వెయ్యి సార్లకు పైగా ఛార్జ్ చేసినా 95 శాతం సామర్థ్యం మిగిలిందని 2024 జనవరిలో వెల్లడించింది. 2025 సెప్టెంబరులో మ్యూనిక్ ఆటో షోలో ఈ సెల్స్‌తో డుకాటి రేసు బైకు నడిచింది. చర్లపల్లి దాకా వచ్చిన వార్త అదే.

ఒక్క పొర నుంచి 24 పొరలకు రెండేళ్లు. 24 పొరల నుంచి ఒక బైకుకు ఇంకో రెండున్నరేళ్లు పైనే. రసాయన శాస్త్రం పని చేస్తోందని 2024 జనవరి ఫలితమే చెప్పింది. మరి ఆ తర్వాత ఇంత సమయం దేనికి పట్టింది?

గుంటల లెక్క

ఈ ప్రశ్నకు జవాబు చదరపు మీటర్లలో ఉందని నా నమ్మకం. లెక్క చూడండి.

ఈ తరహా సెల్‌లో ఒక చదరపు సెంటీమీటరు మీద సుమారు 5 మిల్లీఆంపియర్ అవర్లు ఉంటాయనుకుందాం. సగటు వోల్టేజీ 3.8. అంటే చదరపు మీటరుకు 190 వాట్ అవర్లు. 75 కిలోవాట్ అవర్ల కారుకు ఎంత రేకు కావాలి? 75,000ను 190తో భాగిస్తే 395 చదరపు మీటర్లు.

దాదాపు నాలుగు గుంటలు. ఆంధ్ర లెక్కలో పది సెంట్లకు కొంచెం తక్కువ. ఒక్క కారుకు ఇల్లు కట్టుకుని చుట్టూ కొబ్బరి చెట్లు వేసుకునేంత జాగా నిండా, తల వెంట్రుక కంటే సన్నటి సిరామిక్ రేకు పరచాలి. అందులో ఒక్క చోట కూడా కంటికి కనిపించని రంధ్రం ఉండకూడదు.

2024 జూలైలో పవర్‌కో, క్వాంటమ్‌స్కేప్ కుదుర్చుకున్న లైసెన్సు ఒప్పందం ఏడాదికి 40 గిగావాట్ అవర్ల (ఒక్కోటి పది లక్షల కిలోవాట్ అవర్లు) దాకా తయారు చేసుకోవడానికి, అవసరమైతే 80 దాకా పెంచుకోవడానికి. 40 గిగావాట్ అవర్లకు ఏటా 21 కోట్ల చదరపు మీటర్ల రేకు. 210 చదరపు కిలోమీటర్లు, 52 వేల ఎకరాలు. ఫ్యాక్టరీ ఏడాదిలో ఒక్క క్షణం కూడా ఆగదనుకుంటే నిమిషానికి 400 చదరపు మీటర్లు. మళ్లీ నాలుగు గుంటలే, ఈసారి నిమిషానికి.

ఇప్పుడున్న ప్లాస్టిక్ సెపరేటర్‌కు ఇది కొత్త సంగతి కాదు. మీటర్ల వెడల్పున్న ఫిల్మ్ నిమిషానికి పదుల మీటర్ల వేగంతో చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. సిరామిక్‌కు ఆ అదృష్టం లేదు, దాన్ని కాల్చాలి.

బట్టీ దగ్గర

మా పని తెలియనివాళ్లకు ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది.

సిరామిక్ పొడిని బైండర్ అనే జిగురుతో, సాల్వెంట్‌తో కలిపి దోసె పిండిలా చేస్తాం. దాన్ని ఫిల్మ్ మీద బ్లేడుతో పల్చగా పరిచి ఆరబెడితే రబ్బరు షీటులా మెత్తటి రేకు వస్తుంది. మేము గ్రీన్ టేప్ అంటాం, రంగు పచ్చన కాదు, కాల్చని పచ్చిది అని. దాన్ని కోసి, సెటర్ పలకల మీద పేర్చి బట్టీలోకి పంపుతాం. మొదట బైండర్ కాలిపోవాలి, అదీ నిదానంగా. తొందరపడితే లోపల పుట్టిన గ్యాసు రేకును బుడగలు బుడగలుగా లేపుతుంది. తర్వాత వేడి పెరిగేకొద్దీ రేణువులు అతుక్కుని రేకు అన్ని వైపులా కుంచించుకుపోతుంది. ఒక అంచు ముందు కుంచించుకుని ఇంకో అంచు ఆలస్యమైతే నూనెలో వేసిన అప్పడంలా వంకర తిరుగుతుంది. వంకర తిరిగిన రేకును సెల్‌లో పెట్టి నొక్కితే పటుక్కున విరుగుతుంది.

లిథియం ఉన్న సిరామిక్స్‌తో ఇంకో తలనొప్పి ఉంది. గార్నెట్ రకాన్నే తీసుకోండి. అందులో ఇప్పుడు ఎక్కువగా వాడే పదార్థాన్ని 2007లో జర్మనీలోని కీల్‌లో వెప్నర్, తంగదురైలతో కలిసి లోకానికి పరిచయం చేసినవారిలో ఒకరు రామస్వామి మురుగన్, పాండిచ్చేరి యూనివర్సిటీ ఆచార్యుడు. ఆ పదార్థం గట్టిపడాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. ఆ వేడిలో లిథియం ఆవిరై పారిపోతుంటుంది. దిమ్మ అయితే పైపైన పోతుంది, లోపల మిగులుతుంది. ఇరవై మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేకుకు లోపలంటూ ఏముంది? అంతా పైపొరే. కాబట్టి బట్టీలో గంటలు ఉంచడం దానికి హాని. త్వరగా వేడెక్కి, త్వరగా గట్టిపడి, త్వరగా చల్లారాలి.

ఇప్పుడు నిమిషానికి నాలుగు గుంటల లెక్క గుర్తు తెచ్చుకోండి. నాకు అలవాటైన మామూలు సిరామిక్ బట్టీలో రేకు పది గంటలు ఉంటుందనుకుందాం. ఇది నా ఊహ, ఏ కంపెనీ చెప్పిన అంకె కాదు. నిమిషానికి 400 చదరపు మీటర్లు లోపలికి వెళ్తూ, ఒక్కొక్కటి 600 నిమిషాలు లోపలే ఉంటే, ఏ క్షణాన చూసినా బట్టీల్లో 2,40,000 చదరపు మీటర్ల రేకు ఉండాలి. 59 ఎకరాలు. పలకల మీద పలకలు పేర్చవచ్చు, నిజమే. కానీ పేర్చిన ప్రతి పలక బరువునూ రేకుతో పాటే వేడి చేయాలి. అప్పుడు కరెంటు బిల్లులో ఎక్కువ భాగం పలకలను కాల్చడానికే పోతుంది.

అందుకే క్వాంటమ్‌స్కేప్ వార్తల్లో రేసు బైకు కంటే 'కోబ్రా' నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. వాళ్లు సెపరేటర్ వేడి ప్రక్రియలకు పెట్టుకున్న పేర్లివి, మొదట రాప్టర్, తర్వాత కోబ్రా. 2025 జూన్‌లో కోబ్రాను తమ మామూలు ఉత్పత్తిలోకి తెచ్చామని, వేడి చేసే దశ రాప్టర్ కంటే సుమారు 25 రెట్లు వేగమని చెప్పారు. నా ఊహా బట్టీకి ఈ 25ను వర్తింపజేస్తే పది గంటలు 24 నిమిషాలవుతుంది. 59 ఎకరాలు రెండున్నర ఎకరాల లోపుకు వస్తాయి. అప్పుడది ఫ్యాక్టరీ షెడ్డులో పట్టే మాట. ఇలాంటి వేగం భౌతికంగా సాధ్యమేనని 2020లో మేరీల్యాండ్ యూనివర్సిటీ వాళ్లు పది సెకన్లలో సిరామిక్ కాల్చి చూపించినప్పుడే మాలాంటివాళ్లకు అర్థమైంది. ల్యాబ్‌లో ఒక ముక్క కాల్చడానికీ, రోజంతా ఆగకుండా అదే నాణ్యతతో కాల్చడానికీ మధ్య ఐదేళ్లు పట్టడం నాకు ఆశ్చర్యం కాదు.

ఒక సంగతి చర్లపల్లి మిత్రుడికి ముందే చెప్పాను, ఇక్కడా చెప్తున్నా. ఈ సెల్‌లో సెపరేటర్ ఘనమే గానీ కేథోడ్ వైపు కొంత ద్రవ ఎలక్ట్రోలైట్ ఉంటుంది. అది మోసమేమీ కాదు, కంపెనీ దాచనూ లేదు. కేథోడ్ రేణువులకు సిరామిక్ అంతటా అంటుకోవాలంటే అదొక తెలివైన రాజీ. కానీ 'చుక్క ద్రవం ఉండదు' అని ఎవరైనా అమ్మకాల మనిషి అంటే, ఏ సెల్ గురించి అంటున్నాడో అడగాలి.

ఈల్డ్

ఈల్డ్ అంటే చేసినవాటిలో నూటికి ఎన్ని మంచివి వచ్చాయన్నది. పొరల లెక్క చిన్నదే, కానీ కఠినం. నూటికి 99 రేకులు మంచివే అయినా, 24 పొరల సెల్‌లో అన్నీ మంచివి పడే అవకాశం 78.6 శాతమే. నూరు సెల్స్‌లో 21 చెత్తబుట్టకు. వెయ్యికి 999 మంచివైతే 97.6 శాతానికి వస్తుంది. 99కీ 99.9కీ తేడా చూడ్డానికి దశాంశమే, లైను మీద అది లాభానికీ దివాలాకూ మధ్య గీత. పైగా సెల్ పూర్తయ్యాక లోపం బయటపడితే రేకుతో పాటు దానికి కట్టిన కేథోడ్‌లోని నికెల్, కోబాల్ట్ కూడా పోతాయి. అందుకని ప్రతి రేకునూ పేర్చకముందే వేగంగా పరీక్షించే కళ్లు కావాలి. నిమిషానికి నాలుగు గుంటలు చూడగల కళ్లు.

క్వాంటమ్‌స్కేప్ క్యూఎస్ఈ-5 సెల్ 5 ఆంపియర్ అవర్లది, వైశాల్యంలో ఒక పేకముక్కంత. లీటరుకు 844 వాట్ అవర్లు, 10 నుంచి 80 శాతం ఛార్జ్ 12 నిమిషాల పైచిలుకు. బ్రహ్మాండమైన అంకెలు. 75 కిలోవాట్ అవర్ల కారుకు అలాంటివి 3,400 పైనే కావాలి. అన్నీ ఊపిరి తీసుకుంటాయి కూడా: ఛార్జ్ అయ్యేటప్పుడు ప్రతి పొరలో సుమారు 25 మైక్రాన్ల లిథియం పేరుకుంటుంది, వాడేటప్పుడు తరిగిపోతుంది. 24 పొరలకు కలిపి అర మిల్లీమీటరు పైగా. ప్యాకు డిజైన్ చేసేవాడు ప్రతి సెల్‌కూ ఆ ఉబ్బు, కుంగుకు చోటు వదలాలి, ఒత్తిడి మాత్రం తగ్గకూడదు. ఆటో గుంతల్లో ఎగిరిపడే బండి అని మా మిత్రుడికి గుర్తు చేశాను.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థ పైలట్ లైనులో గార్నెట్ రేకుల మీద పనిచేశాను. ఆగస్టు, ముసురు. శుక్రవారం కాల్చిన రేకులను డ్రై బాక్సులో పెట్టి వెళ్లాం. సోమవారం కట్టిన సెల్స్ అన్నిటిలోనూ నిరోధం ఆకాశానికి ఎక్కింది. పొడి మార్చారేమో, లిథియం ఫాయిల్ చెడిందేమో, ప్రెస్ ఒత్తిడి తగ్గిందేమో అని రెండు రోజులు వెతికాం. చివరికి దొరికింది బాక్సు తలుపు రబ్బరులో ఒక చీలిక. తేమ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి రేకుల మీద లిథియం కార్బొనేట్ పొర కట్టాయి. చేతికి తగలదు, కంటికి కనబడదు. రేకులను మళ్లీ వేడి చేసి ఆ పొర పోగొట్టాం గానీ, అప్పటికే సగం వంకర తిరిగాయి. ఆ వారం రాత్రుళ్లు నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఒక్క రబ్బరు ముక్క. దాన్ని మార్చే షెడ్యూలు ఎవరూ రాసి పెట్టలేదు, నేనూ రాయలేదు. భారీ ఉత్పత్తి అంటే ఇలాంటి వేల రబ్బరు ముక్కలకు షెడ్యూలు రాసి ఉండటం. అది ఏ సైన్స్ పత్రికలోనూ అచ్చు కాదు, లైను నడుస్తూ నడుస్తూ నేర్చుకోవాల్సిందే.

జపాన్, కొరియా దారి

టొయోటా, హోండా, నిస్సాన్, శాంసంగ్ సిరామిక్ రేకు బదులు సల్ఫైడ్ (గంధకం కలిసిన ఘన ఎలక్ట్రోలైట్) దారి పట్టాయి. 2011లో జపాన్‌లో కన్నో బృందం గది వేడిలోనే ద్రవానికి దీటుగా అయాన్లను పంపే సల్ఫైడ్‌ను చూపించింది. అప్పటి నుంచి ఆ దేశం దాని వెంటే ఉంది. సల్ఫైడ్ మెత్తన. కాల్చనక్కర్లేదు, నొక్కితే చాలు, గట్టిపడుతుంది. ఇప్పుడున్న కోటింగ్ యంత్రాలనే కొంత మార్చి వాడుకోవచ్చు. వినడానికి ఇదే దగ్గరి దారి.

కానీ నొక్కడమే అక్కడి బట్టీ. ల్యాబుల్లో సెల్‌ను సంచిలో పెట్టి, వేడి ద్రవంలో ముంచి, అన్ని వైపుల నుంచీ వందల మెగాపాస్కల్స్ ఒత్తిడి ఇస్తారు. కుక్కర్‌లో ఇడ్లీ రేకుల్లా ఒక వాయి పెట్టాలి, మూయాలి, ఒత్తిడి ఎక్కాలి, దిగాలి, తీయాలి. నిమిషానికి ఒక కారు తయారయ్యే చోట వాయిల పని కుదరదు. టోచిగి రాష్ట్రం సకురాలో 2025 జనవరిలో నడక మొదలుపెట్టిన ప్రయోగ లైనులో హోండా రోలర్లతో ఆగకుండా నొక్కే పద్ధతి పెట్టింది. సమస్య ఎక్కడుందో వాళ్లకు కచ్చితంగా తెలుసని నాకు అందులోనే కనబడింది.

సల్ఫైడ్‌కు తేమ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, కుళ్లిన గుడ్ల వాసన వేసే విషవాయువు. అందుకే దానికి మామూలు బ్యాటరీ ఫ్యాక్టరీ కంటే ఇంకా పొడిగా ఉండే డ్రై రూమ్ కావాలి. ముసురు పట్టే ఊళ్లో అలాంటి గదిని ఏడాది పొడవునా నడపడానికి అయ్యే కరెంటు ఖర్చు నాకు తెలుసు. ముడిసరుకు లిథియం సల్ఫైడ్ కూడా నిన్నమొన్నటి దాకా కిలోల్లో దొరికేది. టొయోటాతో చేయి కలిపిన ఇదెమిత్సు కొసాన్ చమురు శుద్ధిలో మిగిలే గంధకాన్ని వాడి, చిబాలో ఏడాదికి వెయ్యి టన్నుల ప్లాంటు కడుతోంది, 2027లో పూర్తి కావాలి. టొయోటా చెప్పిన 2027-28ను నేను మునుపటి తేదీల కంటే ఎక్కువ నమ్మడానికి కారణం ఈ ప్లాంటే. ముడిసరుకుకు కాంక్రీటు పోస్తున్నారంటే మాటలు దాటి వచ్చారని అర్థం.

ముందే రోడ్డెక్కిన సాలిడ్ బ్యాటరీ

చాలామందికి గుర్తులేదు గానీ, ఘన ఎలక్ట్రోలైట్ బ్యాటరీలతో వేల కార్లు ఇప్పటికే తిరిగాయి. 2011 డిసెంబరులో ప్యారిస్‌లో మొదలైన ఆటోలిబ్ అద్దె కార్లలో బొలోరే గ్రూపు తయారుచేసిన లిథియం మెటల్ పాలిమర్ బ్యాటరీ ఉండేది. 30 కిలోవాట్ అవర్లు, 250 కిలోమీటర్లు. ఆ పాలిమర్ బాగా వేడిగా ఉంటేనే అయాన్లను పోనిస్తుంది, 60 డిగ్రీల పైమాటే. అందుకే ఆగి ఉన్న కారునూ కరెంటుకు తగిలించి వెచ్చగా ఉంచాలి. అద్దె కార్ల స్టేషన్లలో అది కుదిరింది. ఇంటి ముందు నిలిపే కారుకు కుదరదు. ఆ సేవ 2018లో ఆగిపోయింది. అదే బ్యాటరీల బస్సులు రెండు 2022 ఏప్రిల్‌లో ప్యారిస్‌లో కాలిపోతే, నగర రవాణా సంస్థ 149 బస్సులను పక్కన పెట్టింది.

దీన్ని మా మిత్రుడికి రెండుసార్లు చెప్పాను. 'సాలిడ్ అంటే కాలదు' అన్న మాట మీద ఇన్సూరెన్సు మానేసే మనిషి ఒకడైనా ఉంటాడు కాబట్టి. ద్రవం తగ్గితే మంటకు ఇంధనం తగ్గుతుంది, అది నిజం. లిథియం లోహం మాత్రం లోపలే ఉంది.

ఎవరి యంత్రాలు అరువు తెచ్చుకోవాలి

1991లో సోనీ లిథియం అయాన్‌ను మార్కెట్‌లోకి తెచ్చినప్పుడు దానికొక అనుకూలత కలిసొచ్చింది. క్యాసెట్ల టేపు మీద పూత పూసే యంత్రాలు, ఆ పనిలో చేయి తిరిగిన మనుషులు ఆ కంపెనీలోనే ఉన్నారు. బ్యాటరీ ఎలక్ట్రోడ్ అంటే రేకు మీద సమంగా పూత పూయడమే కదా. కొత్త రసాయనం పాత యంత్రం మీద ఎక్కి వచ్చింది.

సిరామిక్ సెపరేటర్‌కు అలాంటి యంత్రం ఎక్కడుంది? నాకు తెలిసి కెపాసిటర్ల పరిశ్రమలో ఉంది. అక్కడ మేము మైక్రాను కంటే సన్నటి పొరలను వందల వరసలు పేర్చి కాలుస్తాం. కాకపోతే బియ్యపు గింజంత ముక్కలు. 2025లో క్వాంటమ్‌స్కేప్ వరసగా మురాటాతో, కార్నింగ్‌తో ఒప్పందాలు చేసుకున్న వార్త చదివినప్పుడు నేను లేచి నిలబడ్డాను. మురాటా కెపాసిటర్ల రాజు. కార్నింగ్ 1970ల నుంచి కార్ల సైలెన్సర్ దారిలో పెట్టే తేనెపట్టు సిరామిక్‌ను లెక్కలేనన్ని చేసిన సంస్థ. బ్యాటరీ కంపెనీ చివరికి మా బట్టీవాళ్ల గడప తొక్కింది. ఈ రంగంలో పదేళ్లలో వచ్చిన వార్తల్లో నాకు అత్యంత విలువైనది ఇదే, పత్రికల్లో మాత్రం మూలన వేశారు.

ధర

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. ఇంధన రంగ పరిశోధన సంస్థ బ్లూమ్‌బర్గ్‌ఎన్ఈఎఫ్ లెక్క ప్రకారం లిథియం అయాన్ ప్యాకు సగటు ధర 2023లో కిలోవాట్ అవర్‌కు 139 డాలర్లు, 2024లో 115. ఎల్ఎఫ్‌పీ అంతకంటే చవక. నిస్సాన్ 2028కి తన సాలిడ్ స్టేట్‌కు పెట్టుకున్న లక్ష్యం 75 డాలర్లు. అది చేరుకుంటే గొప్పే. కానీ ఆ లోగా పాత బ్యాటరీ కాళ్లు కట్టుకుని కూర్చోదు. కొత్తది కొత్త మెట్టు ఎక్కేసరికి పాతది ధరలో ఇంకో మెట్టు దిగుతుంది. కాబట్టి మొదటి కొనుగోలుదారులు బరువుకూ జాగాకూ ఎంతైనా ఇచ్చేవాళ్లే అవుతారు: ఖరీదైన కార్లు, రేసు బైకులు, డ్రోన్లు, ఉపగ్రహాలు. ఆటో డ్రైవర్ ఆ వరసలో చివర ఉంటాడు. బాధగా ఉన్నా చెప్పాలి, ఎందుకంటే 45 డిగ్రీల రామగుండం ఎండలో వేడికి తట్టుకునే బ్యాటరీ అవసరం నిజానికి అతనికే ఎక్కువ.

నేను చెప్పింది

మూడు వారాల తర్వాత చర్లపల్లి వెళ్లాను. షెడ్డులో స్టూలు మీద కూర్చుని కాగితం మీద గుంటల లెక్క మళ్లీ వేసి చూపించాను. ఆయన ఆటో ప్యాకు 9 కిలోవాట్ అవర్లు, దానికి 47 చదరపు మీటర్ల రేకు, అరగుంటకు కాస్త తక్కువ. ఆయనకు వెంటనే అర్థమైంది. భూమి లెక్క అందరికీ తెలుసు.

ఆగొద్దన్నాను. 2027, 2028లో సాలిడ్ స్టేట్ కార్లు రోడ్డెక్కుతాయి, నాకు ఆ నమ్మకం ఉంది, కానీ తక్కువ సంఖ్యలో. ఆటో ధరకు అందాలంటే 2030ల మధ్య దాకా పట్టొచ్చని నా అంచనా. సకురా లాంటి లైన్లూ కోబ్రా లాంటి బట్టీలూ అనుకున్నట్టు నడిస్తే రెండేళ్లు ముందుకు రావచ్చు, అంతకంటే ముందు రాదు. ఈలోగా మన పక్కనే మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా 9,500 కోట్ల రూపాయల ప్రణాళికతో 16 గిగావాట్ అవర్ల లక్ష్యంగా సెల్ ఫ్యాక్టరీ కడుతోంది. ఎల్ఎఫ్‌పీ కోసం చైనా బ్యాటరీ కంపెనీ గోషన్ అనుబంధ సంస్థ నుంచి 2024లో సాంకేతిక లైసెన్సు తీసుకుంది. రెండు గంటల దూరంలో సెల్స్ దొరికే రోజు వస్తుంటే, సముద్రం అవతలి రేకు కోసం షెడ్డు మూసుకోవద్దన్నాను.

అయితే ప్యాకు డిజైన్‌లో ఒక మార్పు సూచించాను. పెట్టె బయటి కొలతలు, బోల్టుల చోట్లు, కనెక్టర్ స్థిరంగా ఉంచి, లోపలి సెల్ చట్రాన్ని విడిగా తీసే భాగంగా చేయమన్నాను. రేపు ఉబ్బి కుంగే సెల్స్ వస్తే స్ప్రింగు పలకలతో కొత్త చట్రం వేసుకోవచ్చు, అచ్చులన్నీ పారేయక్కర్లేదు. బ్యాటరీని అదుపు చేసే బీఎంఎస్ సాఫ్ట్‌వేర్‌లో సెల్ వోల్టేజీ పరిధిని మార్చుకునే వీలు ఉంచమన్నాను. ఖర్చు కొద్దిగా పెరిగింది, ఒప్పుకున్నాడు.

వార్తల్లో ఏం చూడాలని అడిగాడు. రేంజి ఎన్ని కిలోమీటర్లన్నది చూడకు, ఎన్ని నిమిషాల్లో ఛార్జ్ అన్నదీ చూడకు, అవి ఎప్పుడో రుజువైపోయాయి అన్నాను. ఒకే లైను ఏడాది పాటు ఆగకుండా నడిచి, ఎన్ని గిగావాట్ అవర్ల సెల్స్ కార్లలోకి వెళ్లాయో కంపెనీ చెప్పిన రోజు నాకు ఫోన్ చెయ్. ఆ సెల్స్‌కు వారంటీ ఎన్నేళ్లు ఇచ్చారో కూడా చదివి పెట్టు.

నవంబరు చివర్లో అచ్చులకు ఆర్డర్ ఇచ్చాడు. చట్రం డ్రాయింగుల్లో రెండు చోట్ల టాలరెన్సు తప్పుంటే దిద్ది పంపాను. ఫైలు మీద మళ్లీ చూడాల్సిన తేదీ 2028 ఏప్రిల్ అని ఆయనే రాసుకున్నాడు, పక్కన పెన్సిలుతో "గుంటలు అడగాలె" అని.